ఐదో గడికీ ఆరో గడికీ మధ్య గోదారి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు గీసిన పాముకాటు బొమ్మల కథ కవరు పోయిన మంగళవారం అందింది. ఇరవై నాలుగు పేజీలూ ఆ రాత్రే చదివేశాను. పొద్దున్నే లేచి మళ్ళీ చదివాను. రెండోసారి కోపం వచ్చింది. అది తగ్గాక రాద్దామని నాలుగు రోజులు ఆగాను గానీ, తగ్గలేదు.

ముందు తొమ్మిదో పేజీ సంగతి చెబుతాను. తెల్లవారుజామున సెల్‌ఫోన్ వెలుగులో ఒకావిడ పాము కరిచిన మొగుడి కనురెప్పని బొటనవేలితో పైకెత్తుతుంది. వేలు తియ్యగానే రెప్ప వాలిపోతుంది. మళ్ళీ ఎత్తుతుంది. ఎత్తిన రెప్ప కింద కనుగుడ్డు ఆవిడ వంకే చూస్తూ ఉంటుంది. మనిషికి తెలివి ఉంది, అంతా తెలుస్తోంది, రెప్ప మాత్రం నిలవడం లేదు. మూడు గళ్ళు, ఒక్క మాట లేదు. కట్లపాము కాటుని ఇంతకంటే బాగా చెప్పిన పేజీ నేను తెలుగులో చూడలేదు. వార్డులో అలాంటి రెప్పని నీ వేలితో ఎత్తి చూసి ఉంటావు. లేకపోతే ఆ బొమ్మ రాదు.

నాలుగో గడిలో ఏం చేశావు? తెల్లకోటు వేసుకున్న డాక్టరు గారిని తెచ్చి నిలబెట్టావు. "దీనిని టోసిస్ అంటారు. నాడీ కండర సంధిపై విషప్రభావం వలన ఇది సంభవిస్తుంది." అంత పెద్ద బెలూను కింద ఆ ఆడమనిషి తల సగం తెగిపోయింది. నా కోపం అక్కడ మొదలైంది. ఆ గడి చింపెయ్యి. ఆయన ఆ పుస్తకంలో పదకొండు పేజీల్లో మాట్లాడుతూనే ఉన్నాడు. లెక్కపెట్టాను. ఆయన చెప్పేదంతా నిజమే, నీ పాఠ్యపుస్తకంలో ఉన్నదే. కానీ కాటు పడిన రాత్రి ఆ ఇంట్లో ఆయన లేడమ్మా. ఆయన లేని చోటే నీ కథంతా జరుగుతుంది.

ఇప్పుడు ఐదో పేజీకి రా. ఐదో గడిలో కాటు. ఆరో గడిలో ఆస్పత్రి మంచం, సెలైను. నీ కథ జరిగేది ఏటి మధ్య లంక గ్రామంలో అని నువ్వే మొదటి పేజీలో రాశావు. మరి ఆ రెండు గళ్ళ మధ్య గోదారి ఏమైంది?

నేను ఇన్నేళ్ళూ పట్టుకు వేలాడుతున్న మాట ఇదొక్కటే. అందరితోనూ దెబ్బలాడింది దీని గురించే. జబ్బు గురించి బొమ్మల కథ గీసేవాళ్ళు ఆస్పత్రి గేటు బయట గియ్యాలి. లోపల జరిగేది డాక్టర్లకి తెలుసు, నర్సులకి తెలుసు, పుస్తకాల్లో ఉంది. గేటు దాకా రావడం గురించి ఎవరూ గియ్యలేదు. ఎవరు నిద్ర లేపారు, ఎవరు వద్దన్నారు, డబ్బులు ఎవరి దగ్గర దొరికాయి, పడవ వాడు ఏ ఊళ్ళో పడుకున్నాడు, 108 రేవు అవతల ఎంతసేపు ఆగింది. మనిషి బతకడం, పోవడం చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

నాకు ఇది ఎలా తెలిసిందో చెబుతాను. 1986 ఆగస్టు వరద. అప్పటికి జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా చేరి రెండేళ్ళు. మా లంకలో ఇళ్ళలోకి నీళ్ళొచ్చి, పాములన్నీ గట్ల మీదికీ, కొబ్బరి డొక్కల పోగుల్లోకీ, చూరుల్లోకీ చేరాయి. మా పక్కింటి కుర్రాడు, నా దగ్గర ఆరో తరగతి, రాత్రి అటక మీద పడుకుని పొద్దున లేచి కడుపులో నొప్పి అన్నాడు. ఒంటి మీద గాటు కూడా కనపడలేదు. కట్లపాము అంతే కదా, నొప్పి పెద్దగా ఉండదు, వాపు ఉండదు. అన్నం పడలేదేమో అనుకున్నారు. గొంతు పట్టేశాక, రెప్పలు వాలిపోయాక పడవెక్కించాం. నేనూ ఎక్కాను. వాడి తల వాళ్ళమ్మ ఒళ్ళో ఉంది. ఆవిడ వాణ్ణి పేరు పెట్టి పిలుస్తూనే ఉంది, పలకకపోయినా. ఏటి నడిమధ్యలో ఆ పిలుపు ఆగిపోయింది. మేమెవరం ఆవిడ వంక చూడలేదు. పడవ వాడు మాత్రం అంతకు ముందుకంటే గట్టిగా తెడ్డు వేస్తూనే ఉన్నాడు, అవతలి ఒడ్డుకు చేరేదాకా.

ఆ మరుసటేడు దాన్ని పన్నెండు గళ్ళ బొమ్మల కథగా గీసి ఒక వారపత్రికకి పంపాను. నాలుగు గళ్ళు ఏటి మీదవే. ఒకదాంట్లో నీళ్ళూ పడవా, ఒకదాంట్లో ఆవిడ నోరు, ఒకదాంట్లో మూసిన నోరు, ఒకదాంట్లో తెడ్డు. వేసుకున్నారు. పత్రిక చేతికొచ్చి చూస్తే ఎనిమిదే గళ్ళు ఉన్నాయి. నాలుగు గళ్ళ చోట తలనూనె ప్రకటన. నేను బస్సెక్కి వెళ్ళి అడిగితే ఆ ఎడిటరు, "వాటిల్లో నీళ్ళు తప్ప ఏముందండీ, చదివేవాడికి విసుగు" అన్నాడు. నలభై ఏళ్ళు కావస్తోంది, ఆ మాట ఇంకా నాకు మింగుడు పడదు. తర్వాత పాఠకుల ఉత్తరాలొచ్చాయి. అన్నీ ఒకటే అడిగాయి: డాక్టరు ఎందుకు బతికించలేకపోయాడు, డాక్టరు తప్పా అని. ఏరు తీసేశారు కదా, ఇక మిగిలింది కాటూ డాక్టరూ. పాపం, ఏ తప్పూ చెయ్యని మనిషి మీద నేరం పడింది. బొమ్మల కథలో ఒక గడి తీసేస్తే అబద్ధం ఎలా పుడుతుందో నాకు ఆనాడు తెలిసింది. నువ్వు డాక్టరువి కాబట్టి ఇది నాకంటే నీకే ఎక్కువ అవసరం.

కాబట్టి ఏటి మీద కనీసం రెండు పేజీలు గియ్యి. నీ డాక్టరు గారు చెప్పే నీతులన్నీ ఆ పడవలోనే ఇమిడిపోతాయి, చూడు. కాలో చెయ్యో కదలకుండా కర్ర పెట్టి గుడ్డతో వదులుగా కట్టిన మనిషి పడవలో పడుకుని ఉంటాడు. లేచి నడవబోతే ఎవరో భుజం పట్టి ఆపుతారు. నోట్లో ఊరిన ఉమ్ము గొంతుకి అడ్డం పడకుండా ఆవిడ అతన్ని ఎడమ పక్కకి తిప్పుతుంది. అంతే, పాఠం అయిపోయింది. బెలూను అక్కర్లేదు.

కోసి రక్తం పీల్చకూడదు, తాడు బిగించి కట్టకూడదు అని చెప్పడానికి బిగించి కట్టిన కాలు గీసి దాని మీద ఎర్ర ఇంటూ మార్కు పెట్టావు. అది తీసెయ్. నేను ఒకసారి అలాగే గీసి, కొబ్బరి దింపు తీసే పెద్దాయనకి చూపించి ఏం కనపడుతోందని అడిగాను. "ఆయ్, ఇక్కడ తాడు కట్టి, దాని మీద మళ్ళీ అడ్డంగా ఎర్రగుడ్డ కట్టమన్నారండి" అన్నాడు. ఆయన చెప్పింది ఆ బొమ్మలో నిజంగానే ఉంది. ఇంటూ మార్కు బడికెళ్ళినవాళ్ళ భాష. చెయ్యకూడని పని బొమ్మగా గీస్తే ఆ పనే బుర్రలో నిలుస్తుంది. తాడు తెస్తున్న బావమరిది చెయ్యి పట్టుకుని ఆపుతున్న ముసలమ్మని గియ్యి.

ఇంకో మాట. "పాముకాటుకు గురైన వ్యక్తి" అని రాశావు. మన వైపు పొద్దుగూకాక పాము అన్న మాట ఎవరైనా అంటారా? "పురుగు ముట్టుకుంది" అంటారు. అర్ధరాత్రి ఫోనులో నీ డ్యూటీ రూముకి ఎవరో "పురుగు కుట్టిందండి" అంటే, కొత్తగా వచ్చిన డాక్టరు తేలో జెర్రో అనుకుని రేపు రమ్మంటే ఏమవుతుంది? ఒక్క గడి చాలు, ఎంత పెద్ద విషయం చెప్పొచ్చో! ఈ పుస్తకం ఊళ్ళోవాళ్ళకే అనుకోకు, నీ తోటి హౌస్ సర్జన్లకి కూడా.

మంత్రగాణ్ణి ఎర్ర కళ్ళతో, బొట్టుతో రాక్షసుడిలా గీశావు. నాకు బాధేసింది. రాత్రి రెండింటికి తలుపు తీసే మనిషి ఆ ఊళ్ళో ఆయనొక్కడే. పైగా ఆయన మంత్రం వేసినవాళ్ళలో చాలామంది బతుకుతారు, ఎందుకంటే కరిచినవాటిలో విషం లేని పాములే ఎక్కువ, విషప్పాము కరిచినా ఒక్కోసారి విషం ఎక్కదు. నీకు తెలిసిన ఈ సంగతి నీ పుస్తకంలో ఎక్కడా లేదు! ఆయన పేరు ఊళ్ళో ఎందుకు నిలబడిందో చెబితే, ఈసారి ఎందుకు ఆగకూడదో వాళ్ళకే తెలుస్తుంది. ఆయన్నే పడవ దాకా లైటు పట్టుకుని నడిపించు. మన విషం మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి నాలుగింటికీ ఒకటే కాబట్టి పాముని చంపి సంచిలో వేసుకురావడానికి టైము పాడు చేసుకోవద్దన్న మాట కూడా ఆయన నోటే చెప్పించు. మాధవపట్నం తోలుబొమ్మలాట చూశావా ఎప్పుడైనా? రాముడు చెప్పిన ధర్మం కంటే నవ్వించే కేతిగాడూ బంగారక్కా అన్న మాటలే జనం మర్నాడు చెప్పుకుంటారు. ఎవరి నోట పెడుతున్నామన్నదే సగం కథ.

బోదకాళ్ళ చార్టు సంగతి కూడా చెప్పాలి, ఇది నా తప్పు. మన డెల్టాలో బోదకాలు లేని ఊరు అప్పట్లో లేదు. ఒక ఆఫీసు వాళ్ళు వచ్చి, చూడగానే భయం వెయ్యాలి, ఎంత పెద్ద కాలు గీస్తే అంత మంచిది అన్నారు. గీశాను. రంగులు బాగా కుదిరాయని మురిసిపోయాను కూడా. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడకి అంటించాక చూద్దామని వెళ్ళాను. దాని ఎదురుగా బెంచీ మీద ఒకావిడ కూర్చుని ఉంది. చీర కుచ్చెళ్ళు కాలి వేళ్ళు కూడా కనపడకుండా కిందికి లాక్కుని, గోడకి వీపు పెట్టి, ఒళ్ళంతా పక్కకి తిప్పుకుని కూర్చుంది. డాక్టరు పిలిచేలోపే లేచి వెళ్ళిపోయింది. ఆ చార్టు నేనే చింపేశాను, వాళ్ళు నన్ను మళ్ళీ పిలవలేదు. తర్వాత నా డబ్బులతోనే ఆరు గళ్ళది ఒకటి గీశాను. రోజూ సబ్బుతో కాలు కడుక్కోవడం, వేళ్ళ సందుల్లో తడి లేకుండా ఒత్తుకోవడం, రాత్రి కాలి కింద దిండు ఎత్తు పెట్టుకోవడం. మధ్యలో గజ్జల్లో బిళ్ళ కట్టి జ్వరంతో పడుకున్న ఒక గడి. ఆ ఆడమనిషి మొహం కనపడుతుంది, పక్కన మనవరాలు జడ వేసుకుంటూ ఉంటుంది. రాత్రిపూటే వచ్చి వేలు గుచ్చి రక్తం ఎందుకు తీసుకుంటారో, బోదకాలు తెచ్చే పురుగు పిల్లలు రాత్రిళ్ళే రక్తంలోకి వస్తాయని దాంట్లో వేశాను. అంతవరకూ ఊళ్ళో ఎవరికీ ఆ ముక్క ఎవరూ చెప్పలేదు.

పై దేశాల వాళ్ళ గురించి అడిగావు. ఇయాన్ విలియమ్స్ అనే వేల్స్ డాక్టరు 2007లో ఇలాంటి జబ్బుల బొమ్మల కథలకి గ్రాఫిక్ మెడిసిన్ అని పేరు పెట్టాడు. పేరుదేముంది గానీ, 2013లో అమెరికా డాక్టర్ల పత్రిక యానల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్‌లో మైఖేల్ గ్రీన్ అనే డాక్టరు రాసి, వేరే ఆయన చేత గీయించిన బొమ్మల కథ చూడు. శిక్షణలో ఉన్నప్పుడు తన కంటికి తప్పిపోయిన జబ్బు గురించి అది. తనే తప్పు చేశానని డాక్టరు చెప్పుకున్నాడు. బ్రయాన్ ఫీస్ అనే ఆయన వాళ్ళమ్మ ఊపిరితిత్తుల క్యాన్సర్ గురించి 2004లో ముందు పేరు లేకుండానే ఇంటర్నెట్‌లో పెట్టాడు. అది కొడుకు చూసిన జబ్బు, ఇంట్లో జబ్బు. నీ తెల్లకోటాయన ఒక్కసారైనా తడబడ్డాడా? పాము కరిచినవాడి రక్తం గాజు గొట్టంలో పోసి ఇరవై నిమిషాలు గడ్డ కడుతుందా లేదా అని చూస్తూ కూర్చుంటారు కదా, ఆ ఇరవై నిమిషాలూ నీ కడుపులో ఏముంటుందో గియ్యి. రక్తపింజరి అయితే గడ్డ కట్టదు. ఆ గొట్టం వంచి చూసే క్షణం నువ్వు రాసిన ఏ వాక్యం కంటే బరువైనది.

ఇప్పటి ఫ్యాషన్ ఒకటుంది, కంప్యూటరు బొమ్మలు. కొబ్బరితోటలో పంజాబీ తలపాగా రైతు, అందరికీ ఒకటే నవ్వు. నీ పద్నాలుగో పేజీలో ఒకటి దూర్చావు, నేను పోల్చాను. నీ చేతి గీత వంకరగా ఉన్నా అదే ఉంచు. ఈ నరసాపురంలో పుట్టిన బాపు నాలుగు గీతల్లో మనిషిని నిలబెట్టేవాడు. బెలూన్లలో అక్షరాలు కూడా చేత్తోనే రాయి. మన మాటలు పొడుగు, కింద వత్తులు, పైన గుడులు. ఇంగ్లీషు కామిక్కు బెలూను సైజులో మన వాక్యం పట్టదు. పట్టించాలని చూస్తే వరసలు ఒకదాని మీద ఒకటి ఎక్కి నీ పేజీల్లాగే ఇరుకైపోతాయి.

రెండో పుస్తకం సుగర్ మీద అన్నావు. ఇంట్లోనే మొదలుపెట్టు. సీసాలో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకి 40 యూనిట్లది, దానికి ఎర్ర మూత సిరంజి. నారింజ మూతది 100కి. కొట్లో ఏది ఉంటే అది ఇచ్చేస్తే, అదే గీత దాకా లాగినా 40 మందు నారింజ మూతదాంట్లో సగం కూడా ఒంట్లోకి పోదు, 100 మందు ఎర్ర మూతదాంట్లో రెండున్నర రెట్లు పోతుంది. ఆ రెండు మూతలు పక్కపక్కన, ముసలాయన కళ్ళద్దాల్లోంచి కనపడేలా గియ్యి. పుస్తకాన్ని రంగుల్లో అచ్చు వేయించాల్సిన కారణం అదొక్కటే.

ఇంకు వెయ్యకు ఇప్పుడే. ఏటి మీద రెండు పేజీలూ ముందు పెన్సిల్‌తో గీసి, సఖినేటిపల్లి రేవులో పంటు కోసం నిలబడ్డవాళ్ళకి చూపించు. నువ్వేం చెప్పకు, వాళ్ళేం చూశారో రాసుకుని, ఆ కాగితం కూడా పేజీలతో పాటు పంపు. తొమ్మిదో పేజీ మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను, నువ్వు వచ్చినప్పుడు ఇస్తాను.

ఆశీస్సులతో,
మాస్టారు