వంట క్లాసుకి వెళ్తే జపనీస్ వస్తుందా? నా అనుభవం

జపాన్ వచ్చి ఆరు నెలలైంది, ఎన్5 (జపనీస్ పరీక్షలో మొదటి మెట్టు) పాసయ్యాను, అయినా ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే అందుకోలేకపోతున్నాను, వంట క్లాసులో చేరితే లాభం ఉంటుందా అని ఒకరు అడిగారు. తప్పకుండా ఉంటుంది. తెలుగువాళ్ళకైతే ఇంకా ఎక్కువ.

నేను టోక్యో పక్కనున్న సైతామాలో ఉన్నప్పుడు మా పేటలోని కొమిన్‌కన్‌లో, అంటే సామాజిక భవనంలో, నెలకోసారి జరిగే వంట క్లాసులో చేరాను. మొదటి రోజు కింపిరా అనే వేపుడు చేశాం. గొబో అనే పొడవాటి వేరుని పెన్సిల్ చెక్కినట్టు తిప్పుతూ చెక్కాలి. ఆ పలచటి ముక్కలు వెదురాకుల్లా ఉంటాయని ఆ తరుగుకి 'ససగాకి' అని పేరు. నేర్పే పెద్దావిడ చేసి చూపిస్తూ అన్నారు: "గొబో ఓ కిత్తె, మిజు ని త్సుకెతె, ఇతమెతె కుదసాయ్."

గొబోని కోసి, నీళ్ళలో నానబెట్టి, వేయించండి. మాటకి మాట పెట్టి చూడండి, ఒక్కటీ చోటు మారలేదు! ఇంగ్లీషు పుస్తకంతో నెలల తరబడి కుస్తీ పట్టిన తె-రూపం, అంటే 'తె'తో ముగిసే క్రియారూపం, మన 'కోసి, కడిగి, వేసి' అని నాకు ఆ గట్టు దగ్గరే తెలిసింది. తర్వాత మిగతావీ వరసగా విడిపోయాయి. 'కిత్తె ఒకు' అంటే కోసి ఉంచడం. 'ఒకు' అంటే పెట్టడం, ఉంచడం. 'తబెతె మిరు' అంటే తిని చూడటం. 'మిరు' అంటే చూడటమే. తెలుగులోంచి వెళ్తే వీటికి సూత్రాలు బట్టీ పట్టక్కర్లేదు.

గొబోని నీళ్ళలో ఎందుకు వేస్తారని అడిగితే "అకు" పోవడానికి అన్నారు. వంకాయ ముక్కలు ఉప్పునీళ్ళలో వేయమని మా అమ్మ చెప్పేది, కసరు పోయి నల్లబడకుండా ఉంటాయని. అదే సంగతి. మా ఊళ్ళో వంకాయకి ఇలాగే చేస్తామని వచ్చీరాని జపనీస్‌లో చెప్పాను. ఎవరూ అడగకుండా ఆ భాషలో నేను చెప్పిన మొదటి మాట అది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా వంకాయ గురించి మాట్లాడటం మొదలుపెట్టారు, సగమే అర్థమైంది కానీ సంభాషణలో నేనూ ఉన్నాను.

ఇలాంటివి చాలా దొరుకుతాయి. 'హితొనితాచి' అంటే ఒక పొంగు రానివ్వడం. మిసో సూప్‌కి మాత్రం మంట ఆపి మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) కలపాలి, మరిగితే సువాసన పోతుంది. చారు పొంగగానే దింపేసేవాళ్ళకి ఇది వివరించనక్కర్లేదు. మన కుతకుత వాళ్ళకి 'గుత్సుగుత్సు'. 'కుతకుత' కూడా ఉంది, కానీ అది మెత్తగా వాలిపోయేలా ఉడికిందని చెప్పే మాట! రుచి కోసం కలిపేవాటిని వేసే వరసని 'స-షి-సు-సె-సొ' అని అక్షరమాలలోంచే గుర్తుపెట్టుకుంటారు: చక్కెర, ఉప్పు, వెనిగర్, సోయా, మిసో. చక్కెర లోపలికి నెమ్మదిగా ఇంకుతుంది కాబట్టి ముందు.

కంజీ (చైనా నుంచి వచ్చిన లిపి), ఆఫీసులో వాడే మర్యాద భాష వంటింట్లో రావు. వాటికి వేరే చదువు కావాలి.

మీరు చేప తినకపోతే చేరేటప్పుడే చెప్పండి, ఎందుకంటే చాలా వంటల్లో వేసే దషి అనే రసం ఎండు చేపతో చేసిందే. "కొంబు దషి దె ఈ దెస్ క" అని అడిగితే సముద్రపు నాచుతో చేసిన దషి వాడనిస్తారు.

క్లాసుల వివరాలు మీ నగరపాలిక పంచే 'కొహో' పత్రికలో ఉంటాయి. ఇంగ్లీషులో నేర్పే పర్యాటకుల క్లాసులకి మాత్రం వెళ్ళకండి, అక్కడ వంట వస్తుంది, భాష రాదు. ఏప్రన్, తలకి కట్టుకునే మూడుమూలల గుడ్డ, తువ్వాలు తీసుకెళ్ళాలి. వెళ్ళేలోపు ఐదు క్రియలు నోటికి తెచ్చుకోండి: కిరు (కోయడం), ఇతమెరు (వేయించడం), మజెరు (కలపడం), నిరు (పులుసులోనో రసంలోనో ఉడికించడం), యుదెరు (ఉడకబెట్టి నీళ్ళు వార్చేయడం).