చిట్టీ, డాలు కొనే ముందు

చిట్టీ,

మీ అమ్మ ఫోన్ చేసి "దీనికి చదువు ఎక్కువై ఈటెలు పట్టుకుంటానంటోంది, నువ్వైనా చెప్పు వదినా" అని ఒకటే గోల. నేను చెప్పేది తనకి నచ్చదు. వెళ్లు. ప్రాచీన గ్రీకు హాప్లైట్ల, అంటే డాలూ ఈటె పట్టే కాలిబంట్ల, వేషం కట్టే దళంలో చేరి, వాళ్లు భుజం భుజం కలిపి వరుసలుగా నిలబడే ఫాలాంక్స్ ఎలా కదిలేదో ఒంటితో తెలుసుకుని దాని మీదే ప్రాజెక్ట్ రాస్తానన్నావట. మన ఇంట్లో ఇలాంటి పిచ్చి నాతోనే ఆగిపోతుందనుకున్నాను. సంతోషంగా ఉంది, అంతకు రెట్టింపు టెన్షన్‌గానూ ఉంది.

మామూలు సంగతులు గబగబా చెప్పేస్తాను. ఖాళీ కడుపుతో వెళ్లకు, నీళ్లు దాహం వేయకముందే తాగు, కంచు హెల్మెట్ కింద తలకి మెత్తటి టోపీ పెట్టుకో, జుట్టు జడ వేసి లోపలికి దోపుకో.

కళ్ల సంగతి మాత్రం అంత తేలిగ్గా వదలను. నేను కంటి వార్డులో పనిచేసిన మనిషిని. ఈటె మొనకి రబ్బరు బుడిపె ఉన్నా అది మొనే. రెండో వరుసవాళ్ల ఈటెలు నీ భుజం మీదుగా ముందుకొస్తాయి, వాళ్లు వెనక్కి లాగినప్పుడు మడమ వైపు, అంటే సౌరోటర్ అనే లోహపు ములికి ఉండే వైపు, వాళ్ల వెనకున్నవాడి మొహం ముందుకొస్తుంది. అందరూ ముందున్న మొననే చూస్తారు, వెనకున్న దాన్ని ఎవరూ చూడరు. కళ్లజోడుతో హెల్మెట్ దూర్చావని తెలిస్తే విమానమెక్కి వచ్చి మరీ తిడతాను. మీ నాన్న చిన్నప్పుడు కర్రసాము నేర్చుకుంటానని ఏడిస్తే మా అమ్మ "కళ్లు పోతాయిరా" అని పంపలేదు. ఆవిణ్ని చాదస్తం అన్నాను అప్పుడు. ఇప్పుడు నేనేం రాస్తున్నానో చూడు.

సరే, అసలు విషయం. క్రీ.పూ. 418లో గ్రీసులో జరిగిన మాంటినియా యుద్ధం గురించి రాస్తూ ఆ కాలపు చరిత్రకారుడు తూసిడైడిస్ ఒక మాటంటాడు: సైన్యాలన్నీ నడుస్తూ నడుస్తూ కుడికి ఒరుగుతాయి, ఎందుకంటే ప్రతివాడూ డాలు లేని తన కుడి పక్కని పక్కవాడి డాలు చాటుకి చేర్చుకోవాలని చూస్తాడు. పుస్తకంలో చదివితే సరేలే అనిపిస్తుంది. నేనూ ఇలాంటి దళంలోనే ఉన్నాను కదా, అక్కడ గడ్డి మీద సున్నం గీత గీసి, దాని వెంటే నడవమన్నారు. కాస్త దూరం పోయేసరికి వరుస మొత్తం గీతకి కుడివైపు తేలింది. ఎవర్నడిగినా "నేను నేరుగానే నడిచానే" అంటారు, అబద్ధం కూడా కాదు. అప్పుడర్థమైంది నాకు, స్పార్టావాళ్లు పిల్లనగ్రోవి వాయించేవాళ్లని వెంటబెట్టుకుని నెమ్మదిగా ఎందుకు నడిచారో. అదీ తూసిడైడిసే చెప్పాడు, దేవుడి కోసం కాదట, అడుగు కలవడానికట.

మారథాన్ సంగతీ అంతే. క్రీ.పూ. 490లో ఏథెన్స్‌వాళ్లు ఎనిమిది స్టేడియాలు, అంటే దాదాపు కిలోమీటరున్నర, పరుగెత్తి పర్షియన్ల మీద పడ్డారని ఇంకో గ్రీకు చరిత్రకారుడు హెరడోటస్ రాశాడు. అమెరికాలో ఇద్దరు పరిశోధకులు 1970ల్లో కుర్రాళ్లకి అంత బరువెక్కించి పరుగెత్తించి చూసి, డాలు ఎత్తిపట్టుకుని అంత దూరం కుదిరే పని కాదన్నారు. నన్నడిగితే ఊపిరి ఆడకపోవడం కంటే పెద్ద చిక్కు ఇంకోటుంది: పరుగు మొదలెట్టగానే వరుస చెదురుతుంది. గట్టివాడు ముందుకి, నాలాంటిది వెనక్కి. నువ్వు పరుగు పరీక్ష పెడితే ఎంత దూరం వెళ్లారని మాత్రమే కొలవకు, చివరికి పక్కపక్క డాళ్ల మధ్య ఎంత సందు మిగిలిందో కొలువు.

ఇప్పుడు ఆ తోపులాట కథ చెప్పాలి. దీని కోసమే అసలు ఉత్తరం మొదలుపెట్టాను. ఒథిస్మోస్ అని గ్రీకు రాతల్లో వస్తుంది కదా, అది నిజంగా వెనకవాళ్లు ముందువాళ్ల వీపుల మీద డాలు ఆనించి తోయడమా, ఉత్త మాటవరసకి అన్నదా అని పండితులు ఇప్పటికీ కొట్టుకుంటారు. మా దళం నాయకుడు అప్పట్లో ఒక్క మధ్యాహ్నంలో తేల్చేస్తానన్నాడు. మంచివాడే, తొందర జాస్తి. అందరికీ సరైన డాళ్లు లేవు, ప్లైవుడ్‌తో బల్లపరుపుగా కోసినవి సగం మందికి ఇచ్చాడు. ముందురోజు వాన పడింది, నేల కాస్త పల్లం. రెండు జట్లూ ఎదురెదురుగా తోసుకోవడం మొదలెట్టాయి. నేను ప్రథమ చికిత్స సంచితో పక్కన నిలబడ్డాను. మూడో వరుసలో ఒక కుర్రాడి చెయ్యి డాలు అంచు మీద కొట్టుకుంటోంది, మూడు వేళ్లు, అదే పనిగా. ఉత్సాహం అనుకున్నాం అందరం. హెల్మెట్ చీలికలోంచి పెదాలు కనిపించాయి, నీలంగా ఉన్నాయి. విజిల్ వేశాను. కొరింథు హెల్మెట్ చెవులు మూసేస్తుందే, ఒక్కడికీ వినపడలేదు! ఆఖరి వరుసవాడి బెల్టు పట్టుకుని వెనక్కి లాగితే గానీ ఆగలేదు. ఆ పిల్లాడు గడ్డి మీద కూలబడి, ఊపిరందాక మొదట అడిగింది "మనం గెలిచామా" అని. నవ్వాలో చెంప పగలగొట్టాలో తెలియలేదు నాకు.

నాయకుడు ఆ సాయంత్రమే రాసిపెట్టాడు, తోపులాట అసాధ్యం, మనుషులు ఊపిరాడక పోతారు అని. తప్పంతా అక్కడుంది. గ్రీకు డాలు బల్లపరుపుగా ఉండదు, లోతుగా గిన్నెలా ఉంటుంది, పై అంచు భుజానికెక్కుతుంది. తర్వాత సరైన డాళ్లతో, మెల్లగా, పొడి నేల మీద చేసి చూస్తే ఒత్తిడి భుజానికీ తొడకీ పోయింది, రొమ్ము ముందు ఊపిరికి చోటు మిగిలింది. అంటే అతను పరీక్షించింది ఫాలాంక్స్‌ని కాదు, ప్లైవుడ్‌ని. అలాగని ఒథిస్మోస్ అంటే తోపులాటే అని మా వాళ్లు కొందరు ఎగిరారు, వాళ్లనీ నమ్మకు. కుదురుతుందని తేలింది, అంతే. జరిగిందని తేలలేదు. నీ ప్రాజెక్ట్‌లో ఈ రెండు మాటలూ కలిపేశావో, నీ గైడ్ కంటే ముందు నేనే సున్నా వేస్తాను.

ఇంకొకటి, మనం నటించలేనిది. క్రీ.పూ. 424లో డీలియం దగ్గర ఏథెన్స్‌వాళ్లు శత్రువుని చుట్టుముట్టబోయి, గందరగోళంలో గుర్తుపట్టలేక తమవాళ్లనే చంపుకున్నారు. ఆ భయం, ఆ దుమ్ము ఏ ఆదివారం సాధనలోనూ రావు, సాయంత్రం టీ ఉంటుందని అందరికీ తెలుసు. వరుస ఎప్పుడు విరిగిందన్న ప్రశ్నకి మన దగ్గర జవాబు లేదు, ఒళ్లు ఎంతవరకు మోయగలదన్నదానికే ఉంది. చిన్నప్పట్నుంచి వ్యూహం అంటే అభిమన్యుడే మనకి, ఒక్కడూ దూసుకుపోవడమే. ఇక్కడ దూసుకుపోయినవాడి వల్ల పక్కవాడి కుడివైపు ఖాళీ అవుతుంది. నీ స్వభావం నాకు తెలుసు కాబట్టి చెప్తున్నాను, ఇంట్లో అందరికంటే ముందు గేటు దాటేది నువ్వే.

ముందు వరుస అడగొద్దు. ఆఖరి వరుస అడుగు. మంచివాళ్లని మొదట్లోనూ చివర్లోనూ పెట్టి బలహీనుల్ని మధ్యలో పెట్టాలని సోక్రటీస్ అన్నట్టు ఆయన శిష్యుడు జెనోఫన్ రాశాడు, కాబట్టి చిన్నతనం ఏమీ లేదు. అక్కణ్నుంచి వరుస మొత్తం వీపుల్లో కనిపిస్తుంది, ఎవరి మోకాళ్లు వణుకుతున్నాయో, ఎవరు కుడికి జారుతున్నారో. నోటు పుస్తకం కూడా దగ్గరుంటుంది. నన్ను అక్కడ పెట్టింది ముసలిదాన్నని, నేర్చుకున్నది మాత్రం ఎక్కువ.

డాలు తొందరపడి ఆన్‌లైన్‌లో కొనకు. ముంజేతికి తొడిగే లోపలి పట్టీ మోచేతి దగ్గర బిగుతుగా పట్టాలి, వదులైతే ఆరేడు కిలోల బరువు మణికట్టు మీద పడుతుంది, రాసే చెయ్యి కాకపోయినా చెయ్యే కదా. టేపుతో మోచేతి కింద చుట్టుకొలత తీసి పంపు, స్వెటర్ వేసుకుని ఒకసారి, లేకుండా ఒకసారి. నాకు చేసిచ్చిన వడ్రంగి ఇంకా పనిచేస్తున్నాడు, డబ్బు నేనిస్తాను, మీ అమ్మకి చెప్పకు.

అత్త