పల్లెటూరి బొమ్మ వేయడానికి 24 రంగుల డబ్బా కొనాలా?

వద్దండి. మూడు ట్యూబులు చాలు: ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), బర్న్ట్ సియెన్నా (ఎర్రమట్టి గోధుమ), అల్ట్రామెరైన్ బ్లూ (ముదురు నీలం). వాటర్‌కలరే కదా, తెలుపును కాగితమే ఇస్తుంది. ఇంత గట్టిగా చెబుతున్నానంటే అది నా తెలివి కాదు, మతిమరుపు.

ఒక మార్చి ఆదివారం మర్రిచెట్లు వేద్దామని హైదరాబాద్‌లోని మెహిదీపట్నం నుంచి బండి మీద చేవెళ్ల రోడ్డు పట్టాను. మొయినాబాద్ దాటాక ఒక చెట్టు కింద సంచి విప్పితే ఆకుపచ్చ ట్యూబే లేదు! మర్రిచెట్టు కోసం వచ్చి ఆకుపచ్చ మర్చిపోయేవాణ్ణి నేనొక్కణ్ణే ఉంటాను. వెనక్కి పోతే పెట్రోలు దండగని ఓకర్‌లో కొంచెం అల్ట్రామెరైన్ కలిపాను. మురికి ఆకుపచ్చ వచ్చింది. తలెత్తి చూస్తే దుమ్ము పట్టిన మర్రాకులు అచ్చం అదే రంగు. ఊడల నీడకు అల్ట్రామెరైన్‌లో సియెన్నా కలిపాను. అదే పల్చన చేసి వెనకాల బండరాళ్లకు వేస్తే, గరుకు కాగితం గుంటల్లో నీలం రేణువులు దిగి, రాయి గరుకు దానంతటదే వచ్చేసింది. దున్నిన ఎర్రనేలకు ఒట్టి సియెన్నా.

మేకలు కాసే తాత ఒకాయన వచ్చి నిలబడ్డాడు. "ఏంది బిడ్డా, చెట్టుకు మన్ను పూస్తున్నవ్?" అన్నాడు. నాకు కోపమొచ్చింది. ఆయన మాత్రం చెట్టు వైపు కాసేపు చూసి, "అవ్, ఎండలకు గిట్లనే ఉంటది తియ్" అని మేకల వెనక పోయాడు. ఎగ్జిబిషన్లలో కూడా నాకింత మంచి మాట దొరకలేదు.

అసలు ట్యూబులో వచ్చే రెడీమేడ్ ఆకుపచ్చ అంత దండగ ఇంకొకటి లేదు. దానితో వేసిన పొలాలన్నీ ప్లాస్టిక్ తోరణాల్లా ఉంటాయి. మన నగరంలో పెళ్లిళ్లకు బహుమతిగా ఇచ్చే పల్లె బొమ్మలు చూడండి: గుడిసె, వాగు, కొబ్బరిచెట్టు. చేవెళ్ల వైపు కొబ్బరిచెట్లెక్కడివండీ? తాటిచెట్లు కదా! పైగా రోడ్డు వెడల్పు పనులతో ఆ మర్రిచెట్లకే గండం వచ్చింది. వేయాలనుకుంటే త్వరగా వెళ్లండి.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ రోజు గట్టు మీద మోదుగ చెట్టొకటి విరగబూసి ఉంది. ఆ కాషాయం ఈ మూడింటిలో ఎలా కలిపినా రాలేదు. చివరికి దాన్ని బొమ్మలోంచి తీసేశాను.