అమ్మడూ, 'ఫుట్' అంటే ఒక్క పాదమే కాదు

అమ్మడూ,

నీకు ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో నర్సు ఉద్యోగం ఖాయమైందని మీ అమ్మ చెప్పగానే సంతోషంతో కళ్లు చెమర్చాయి, ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. "ఇంగ్లీషు పరీక్ష ఓఈటీలో బి గ్రేడ్ వచ్చిందిగా పెద్దమ్మా, ఇంక ఇంగ్లీషుకేం" అన్నావట. ఆ మాట విన్నాకే నాకు టెన్షన్ మొదలైంది.

మందులు, అక్కడ పెట్టే ఆస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష నువ్వు చూసుకోగలవు. నా భయమంతా చిన్న మాటల గురించే. మనకు తొడ నుంచి వేళ్ల దాకా అంతా కాలే, వాళ్లకు చీలమండ పైన లెగ్, కింద ఫుట్. చార్టులో ఇది తారుమారు చెయ్యకు. 'ఫుట్ ఆఫ్ ది బెడ్' అంటే మంచం కోడు కాదు, కాళ్లు పెట్టుకునే వైపు. 'పుట్ యువర్ ఫీట్ అప్' అంటే కాసేపు కూర్చుని అలుపు తీర్చుకోమని. 'ఐ పుట్ మై ఫుట్ ఇన్ ఇట్' అంటే అనకూడని మాట అనేశానని, 'పుట్ మై ఫుట్ డౌన్' అంటే ఇక కుదరదని గట్టిగా చెప్పేశానని. మనకు కాళ్లు లాగుతున్నాయంటే నొప్పి, అక్కడ లెగ్ లాగడమంటే ఆటపట్టించడం.

ఇవి తప్పినా పెద్ద నష్టం లేదు. నేను తప్పిన మాట వేరు.

2002 చలికాలం, నేను నర్సుగా ఆ దేశం వెళ్లి రెండు నెలలు కూడా కాలేదు. తెల్లవారితే తుంటి ఆపరేషన్ ఉన్న ఒక పెద్దాయన రాత్రి పదింటికి పిలిచి, "గెటింగ్ కోల్డ్ ఫీట్, లవ్" అన్నాడు. వెంటనే దుప్పటి ఎత్తి పాదాలు పట్టుకుని చూశాను, చల్లగానే ఉన్నాయి. నాడి చూశాను, రంగు చూశాను, సాక్సులు తొడిగి ఇంకో దుప్పటి కప్పాను. ఆయన నా ముఖం కేసి చూసి, ఇంకేదో చెప్పబోయి ఆగి, థాంక్యూ అన్నాడు. బాగా చూసుకున్నానని సంతోషపడ్డాను కూడా. మర్నాడు డ్యూటీకి వెళితే తెలిసింది, పొద్దున థియేటర్‌కి తీసుకెళ్లబోతే ట్రాలీ కడ్డీ పట్టుకుని ఏడ్చేశాడట, ఆపరేషన్ వాయిదా వేశారట. ఆయన తమ్ముడు ఆపరేషన్ టేబుల్ మీదే పోయాడు. కోల్డ్ ఫీట్ అంటే చివరి నిమిషంలో ధైర్యం చాలక వెనక్కి తగ్గాలనిపించడం. సంతకం పెట్టిన మనిషి కూడా అక్కడ ఎప్పుడైనా వద్దనవచ్చు, ఆ మాట డాక్టరుకు చేరవేయాల్సిన మనిషిని నేనే. భయమేస్తే కాళ్లూ చేతులూ చల్లబడ్డాయని మనమూ అంటామే, అయినా తట్టలేదు. ఆ రాత్రంతా ఆయన ఒక్కడే కళ్లు తెరుచుకుని పడుకున్నాడు, ఆ ముఖం నాకింకా కనిపిస్తూనే ఉంటుంది.

నీకేమో చిన్నప్పటి నుంచీ అర్థం కాకపోయినా తలూపే అలవాటు! లెక్కల మాస్టారి ముందు తలూపేసి, ఇంటికొచ్చి నా ఒళ్లో పడి ఏడ్చేదానివి. అక్కడ అలా చేస్తే నేనూరుకోను. "వాట్ డు యు మీన్" అనకు, కసిరినట్టుంటుంది. పక్కన కూర్చుని "కెన్ యూ టెల్ మి ఎ బిట్ మోర్" అను, వాళ్లే చెబుతారు.

మీ అమ్మ పచ్చళ్లు సర్దుతోంది, నేను ఉన్ని సాక్సులు పంపుతున్నాను. ఏ మాటైనా అంతుపట్టకపోతే మొదట సిస్టర్‌ని, అంటే వార్డులో పెద్ద నర్సుని అడుగు, తర్వాత బ్రేక్‌లో నాకు ఫోన్ చెయ్యి. నీకు అర్ధరాత్రైతే ఇక్కడ తెల్లవారుతుంటుంది, నేను లేచే ఉంటాను తల్లీ.

పెద్దమ్మ