ఏషియన్ ర్యాంకు వస్తే సీటు వచ్చినట్టేనా?

ప్రశ్న: మాది తిరుపతి. మా పాపకు 13 ఏళ్లు, ఎనిమిదో తరగతి. చిన్నప్పటి నుంచి టెన్నిస్ ఆడుతోంది, అండర్-14లో రాష్ట్రస్థాయిలో పేరుంది. చెన్నైలోని ఒక అకాడమీవాళ్లు హాస్టల్లో ఉంచి పూర్తిగా ఆటమీదే పెట్టమంటున్నారు. స్కూలు మానిపించి ఓపెన్ స్కూల్లో పది రాయించొచ్చట. ఏషియన్ ఫెడరేషన్ టోర్నీలు ఆడిస్తామని, ఆ ర్యాంకుతో స్పోర్ట్స్ కోటాలో మెడిసిన్ సీటు, కాకపోతే అమెరికాలో స్కాలర్‌షిప్ వస్తుందని చెబుతున్నారు. నెలాఖరులోపు అడ్వాన్స్ కట్టాలి. ఇక్కడే ఉంచడం మంచిదా, అక్కడ చేర్చడమా? ఆ ఫెడరేషన్ పిల్లల బాధ్యత ఎంతవరకు తీసుకుంటుంది?

జవాబు: ఎండాకాలం దగ్గర పడితే ఇలాంటి ఉత్తరాలు వరస కడతాయి. ఆట పేరు మారుతుంది, ఊరు మారుతుంది, అడ్వాన్స్ గడువు మాత్రం ఎప్పుడూ నెలాఖరే. మీరు అడిగింది ఫెడరేషన్ గురించి. మిమ్మల్ని నిద్రపోనివ్వనిది మాత్రం "ఇప్పుడు చేర్చకపోతే పాపకు అన్యాయం చేసినవాణ్ని అవుతానేమో" అన్న భయం. దానికి జవాబు ముందే చెప్పేస్తాను: అవరు. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య, అంటే ఐటీఎఫ్, నడిపే జూనియర్ టోర్నీల్లోకి 13 ఏళ్లు నిండితేగానీ రానివ్వరు. ఒకసారి వచ్చాక 18 నిండే ఏడాది చివరిదాకా ఆడొచ్చు. ఆ తలుపు మీ పాపకు ఇప్పుడే తెరుచుకుంది. మూసుకుపోతోందని మిమ్మల్ని తొందరపెడుతున్నవాళ్లకు మీ అడ్వాన్స్‌తోనే పని.

ఇక ఫెడరేషన్ సంగతి. ఐటీఎఫ్ కింద ప్రాంతాలవారీగా ఆరు సంఘాలున్నాయి. మన ప్రాంతానికి ఆసియా టెన్నిస్ సమాఖ్య. దానిలో సభ్యులు ఆయా దేశాల సంఘాలు. మీ పాప అందులో సభ్యురాలు కాదు, ఆ అకాడమీ కూడా కాదు. అండర్-14, అండర్-16 పిల్లలకు టోర్నీల క్యాలెండర్ వేయడం, పాయింట్లు లెక్కగట్టి ర్యాంకులు ప్రకటించడం, ఐటీఎఫ్ జట్టు పోటీలకు ఈ ప్రాంతం నుంచి అర్హత పోటీలు నడపడం, కోచ్‌లకు, అంపైర్లకు శిక్షణ ఇప్పించడం దాని పని. రిజిస్ట్రార్ ఆఫీసు లాంటిదనుకోండి. మీ పొలం మీ పేరున రాస్తుంది, పంట మాత్రం పండించదు. హాస్టల్లో పాపకు జ్వరం వస్తే, మోకాలు పట్టేస్తే, ర్యాంకు పడిపోయి ఏడిస్తే ఆ సమాఖ్యకు సంబంధం లేదు. ఉండాలని మీరు అనుకోవడమే పొరపాటు.

"మేము ఆడిస్తాం" అన్నమాట కూడా సగమే నిజం. ఎంట్రీ పంపినంత మాత్రాన సరిపోదు, డ్రాలో, అంటే ఆడేవాళ్ల జాబితాలో, చోటు ర్యాంకును బట్టి వస్తుంది. దేశం తరఫున వెళ్లే జట్టు సంగతి పూర్తిగా వేరు. అండర్-14 ప్రపంచ జట్టు పోటీనే తీసుకోండి. దేశానికి ముగ్గురే. ఆసియా-ఓషియానియా అర్హత పోటీ దాటితే చెక్ దేశంలోని ప్రొస్త్యేయోవ్‌లో ఫైనల్స్. ఆ ముగ్గురిని ఎంపిక చేసేది అఖిల భారత టెన్నిస్ సంఘం, మనవాళ్లు ఐటా అంటారు. ఏ అకాడమీకీ అందులో వాటా లేదు. ఐటా ర్యాంకింగ్ టోర్నీలు చెన్నైలో ఉన్నా తిరుపతిలో ఉన్నా ఎంట్రీకి ఒకటే పద్ధతి.

స్పోర్ట్స్ కోటా దగ్గర మీకు కాస్త గట్టిగానే చెప్పాలి. మీలాంటి తండ్రులు ప్లాస్టిక్ కవర్లేసిన ఫైలు తెస్తారు. ముందు పేజీల్లో బంగారు అంచు సర్టిఫికెట్లు, కప్పు పట్టుకున్న ఫొటోలు. సంతకం చూస్తే అకాడమీ డైరెక్టరుది. పైన "ఇంటర్నేషనల్" అని ఎంత పెద్ద అక్షరాలతో ఉన్నా కోటా పరిశీలనలో దానికి విలువ లేదు. వెనక పేజీల్లో ఎక్కడో రాష్ట్ర సంఘం ఇచ్చిన మామూలు కాగితం ఒకటి ఉంటుంది. పనికొచ్చేది అదీ, స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ కాగితమూ. రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ శాప్ పరిశీలించేటప్పుడు ఏ స్థాయి పోటీ, ఏ గుర్తింపున్న సంఘం నడిపింది, పతకమా పాల్గొనడమా అని చూస్తుంది.

అన్నీ సరిపోయినా ఆ కోటా అరశాతం. రెండొందల సీట్లకు ఒకటి. దానికి అన్ని ఆటల పిల్లలూ పోటీ. ఆ ఒక్కదాని కోసం మీరు పాపను తొమ్మిదో తరగతిలో రాష్ట్రం దాటిస్తానంటున్నారు. మన మెడికల్ కాలేజీల్లో రాష్ట్ర కోటా సీట్లలో 85 శాతం స్థానికులవి. ఎస్వీయూ, అంటే శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ, పరిధిలో స్థానికత కావాలంటే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా వరుసగా నాలుగేళ్ల చదువు ఇక్కడే ఉండాలి. అరశాతం వెంటపడి 85 శాతం దగ్గర చిక్కు తెచ్చుకునే లెక్క ఎవరు చెప్పారండీ మీకు? ఇంకో మాట. అంత ఉత్తరంలో పాపకు డాక్టరు కావాలనుందో లేదో ఒక్క ముక్క లేదు. కనీసం పాప పేరు లేదు. సీటు మాత్రం ఉంది.

అమెరికా దారి మీద నాకు మొదటి నుంచీ అనుమానాలున్నాయి. దారి అబద్ధమని కాదు. మన టెన్నిస్ ఆటగాడు సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీకి ఆడినవారే. ఆ తర్వాత 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచారు. కానీ బ్రోచర్లో ఆయన ఫొటో వేసేవాళ్లు కింద రాయని సంగతులు కొన్నున్నాయి. అక్కడ కాలేజీ ఆటలకు మూడు డివిజన్లుంటాయి, మూడో డివిజన్ కాలేజీల్లో ఆటకు స్కాలర్‌షిప్పే లేదు. హార్వర్డ్, యేల్ లాంటి ఐవీ లీగ్ వాటిలోనూ లేదు. స్కాలర్‌షిప్ ఉన్నచోట చాలాసార్లు అది పూర్తి ఫీజు కాదు, జట్టులో పంచిన భాగం. మిగతాది, విమానం చార్జీలతో సహా, మీ జేబులోంచే. అన్నిటికంటే ముఖ్యమైంది, మొదటి డివిజన్‌లో ఆడాలంటే హైస్కూల్ మార్కులు కావాలి. వాళ్ల లెక్కలో హైస్కూలంటే తొమ్మిది నుంచి పన్నెండు, అందులో పదహారు ప్రధాన సబ్జెక్టులు చూస్తారు. అంటే అమెరికా స్కాలర్‌షిప్ పేరు చెప్పి, ఆ స్కాలర్‌షిప్ అడిగే తరగతిలోనే స్కూలు మానిపించమంటున్నారు! ఓపెన్ స్కూలు చెడ్డదని నేననను, కొందరు పిల్లలకు అదే ఊపిరి. అయితే హాస్టల్లో రోజుకు ఆరు గంటలు ఆడి వచ్చిన పదమూడేళ్ల పిల్ల తనంతట తాను లెక్కల పుస్తకం తెరుస్తుందని నమ్మడం నావల్ల కాదు. కూర్చోబెట్టి చెప్పే టీచరెవరో, వారానికి ఎన్ని గంటలో ఆ అకాడమీని అడిగారా?

రెండింటినీ పోల్చమన్నారు. చెన్నైలో తోటి ఆటగాళ్లు బలంగా ఉంటారు, వారం వారం గట్టి మ్యాచ్‌లు దొరుకుతాయి. తిరుపతిలో అది లేదు, ఒప్పుకోవాలి. ఇక్కడ ఇల్లుంది, స్కూలుంది, అమ్మ వంట ఉంది. ర్యాంకింగ్ టోర్నీ అంటే శని, ఆదివారాల్లో క్వాలిఫయింగ్, సోమవారం నుంచి మెయిన్ డ్రా. పాప గెలిచే కొద్దీ ఆ వారం బడి పోతుంది. అందుకే నెలకు ఒక టోర్నీ చాలు. హెడ్‌మాస్టరుతో ముందే మాట్లాడి సెలవు రాయించుకోండి, వచ్చాక నోట్సు రాయించండి. మన రాయలసీమలోనే అనంతపురం ఉంది. ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ ప్రాంగణంలో టెన్నిస్ స్టార్ రఫేల్ నాదల్ ఫౌండేషన్ టెన్నిస్ స్కూలు 2010లో మొదలైంది. అక్కడ ఆటతోపాటు ఇంగ్లిష్, కంప్యూటరు కూడా నేర్పుతారు. పాపను చేర్చమని కాదు, ఒక ఆదివారం వెళ్లి చూసిరండి. ఆటనూ చదువునూ పక్కపక్కన నడపొచ్చని మీ కళ్లకు కనిపిస్తుంది.

పాప గొప్ప క్రీడాకారిణి కాకపోతే ఇన్నేళ్లూ వృథా అన్న దిగులు కూడా వద్దు. కోచింగ్‌కు పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ ఎన్ఐఎస్ డిప్లొమా ఉంది, ఫిజియోథెరపీ ఉంది, టోర్నీ రిఫరీ పని ఉంది. లైన్ అంపైర్ కావాలని మాత్రం ఎవరూ ఆశ పెట్టుకోకండి. 2025లో వింబుల్డన్ కూడా వాళ్లను పక్కనపెట్టి కెమెరాలకు అప్పగించింది.

అడ్వాన్స్ ఇప్పుడు కట్టకండి. వేసవి సెలవుల వరకే చేర్చుకుంటారా, ఆ నెలల డబ్బే తీసుకుంటారా అని రాతపూర్వకంగా అడగండి. సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే వారాంతానికి మీరు వెళ్లొచ్చు, పాప రావచ్చు. జూన్‌లో బడి తెరిచే ముందు, మీరు గదిలో లేనప్పుడు, వాళ్లమ్మను అడగమనండి: మళ్లీ వెళ్తావా అని. వెళ్తానంటే వచ్చే వేసవికి మళ్లీ పంపండి. వెళ్లనంటే ఎస్వీయూ గ్రౌండుకు వెళ్లే పాత బ్యాగే సర్ది ఇవ్వండి. సెలవుల వరకే తీసుకోం, మొత్తం ఏడాది కట్టాల్సిందేనని అకాడమీ అంటే, ఆ ఫోన్ నంబరు ఇక ఎత్తకండి.