హెచ్‌ఐవీ ఉన్న తమ్ముడికి కాలు వాచింది, మందులు ఆపేయాలా?

అక్కా, ఒక్క పూట కూడా ఆపనివ్వకండి. మీ తమ్ముడు నాలుగేళ్లుగా హెచ్‌ఐవీ మాత్రలు వాడుతున్నాడు, పరీక్షలో వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మొత్తం) కనిపించట్లేదు, ఇప్పుడు ఒక్క కాలే వాచింది, ఆ మాత్రల వల్లే రక్తం చిక్కబడిందని ఎవరో అన్నారని రాశారు. నాకూ ఇదే జరిగింది కాబట్టి చెప్తున్నా.

నేను మొదట పిక్క పట్టేసిందనుకున్నా. రోజూ ఎల్బీ నగర్ నుంచి మియాపూర్ దాకా మెట్రోలో నిలబడే వెళ్తాను, దానివల్లే అనుకుని ఆయింట్‌మెంట్ రాసుకుంటూ ఐదు రోజులు గడిపేశా. చివరికి మా ఆవిడ కుట్టుమిషన్ టేపు తెచ్చి రెండు పిక్కలూ కొలిచింది. ఎడమది నాలుగు సెంటీమీటర్లు ఎక్కువ, వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. తేడా మూడు దాటితే చాలు డాక్టర్లు గడ్డని అనుమానిస్తారట. రక్తప్రవాహం చూసే డాప్లర్ స్కాన్ తీస్తే లోపలి సిరలో రక్తపు గడ్డ.

రక్తం చిక్కబడటం కాదు అది. వైరస్ అదుపులో ఉన్నా ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (లోపలి వాపు) కొంత మిగిలే ఉంటుంది, దాంతో రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటుంది, రక్తం తేలిగ్గా గడ్డకడుతుంది, గడ్డ కట్టకుండా చూసే ప్రొటీన్ ఎస్ లాంటివి కొందరిలో తగ్గిపోతాయి. మందులు ఆపితే ఇది ఇంకా ముదురుతుంది. 2006లో వచ్చిన స్మార్ట్ అధ్యయనంలో మధ్యమధ్యలో మందులు ఆపినవాళ్లలోనే మరణాలూ గుండె జబ్బులూ ఎక్కువ, ఆపిన నెలకే వాళ్ల రక్తంలో డీ-డైమర్ పెరిగింది. గడ్డలు కడుతున్నాయేమో అని సూచించే పరీక్ష అది.

నేను చేసిన అసలు తప్పు వేరే. గడ్డకి చూసిన డాక్టర్ దగ్గర హెచ్‌ఐవీ సంగతి దాచేశా. భయం, సిగ్గు. నాది సెకండ్ లైన్ (మొదటి హెచ్‌ఐవీ మందులు పనిచేయనప్పుడు ఇచ్చేది), అందులో రిటోనావిర్ అనే మందు ఉంది. ఆయన రక్తం గడ్డకట్టకుండా చేసే రివరాక్సబాన్ రాశారు. రిటోనావిర్ ఉంటే ఆ మందు త్వరగా బయటికి పోదు, ఒంట్లో పేరుకుపోతుంది. వారం తిరక్కుండానే పొద్దున బ్రష్ నిండా రక్తం, మోచేతి మీద దెబ్బ తగలకుండానే నల్లటి మచ్చ. హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లో రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి చూసినావిడే పట్టుకుంది. గడ్డకట్టకుండా చేసే ఇంకో మందు వార్ఫరిన్‌కి మార్చి, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూపే ఐఎన్‌ఆర్ రెండుకీ మూడుకీ మధ్య ఉంచడానికి మొదట్లో వారానికి రెండుసార్లు రక్తం తీశారు.

మీ తమ్ముడిది డొలుటెగ్రావిర్ ఉన్న టీఎల్‌డీ అనే హెచ్‌ఐవీ మాత్ర అయితే సాధారణంగా ఈ ఇబ్బంది ఉండదు. అయినా మాత్రల డబ్బా చూపించాల్సిందే, టీబీ మందులు కూడా వాడుతుంటే మరీ ముఖ్యం. బయటికి తెలుస్తుందని భయపడకండి, 2017 చట్టం ప్రకారం అతని అనుమతి లేకుండా ఆ సంగతి ఇంకొకరికి చెప్పకూడదు.

ఇవాళే డాప్లర్ చేయించండి, ఉస్మానియా అయినా గాంధీ అయినా రెండు చోట్లా ఏఆర్‌టీ సెంటర్ ఉంది. ఆ కాలుకి నూనె పెట్టి మర్దనా మాత్రం వద్దు. ఆయాసం వచ్చినా, ఛాతీలో పొడిచినట్టు ఉన్నా, దగ్గితే రక్తం పడినా స్కాన్ కోసం ఆగకుండా 108కి ఫోన్ చేయండి.