కొత్త ఫ్రయ్యర్ కొన్న చిన్నీకి

చిన్నీ, ఆశీస్సులు.

డీప్ ఫ్రయ్యర్ కొన్నావని, ‘దీనికి థర్మోస్టాట్ ఉంది, ఇంక టెన్షన్ లేదు’ అంటున్నావని మీ అమ్మ చెప్పింది. అందులో సగం నిజమే. పొయ్యి మీద మూకుడు పెట్టి మర్చిపోతే నూనె కాగీ కాగీ పొగ వచ్చి, ఆఖరికి అంటుకుంటుంది. ఫ్రయ్యర్ అయితే నువ్వు పెట్టిన వేడి దగ్గర ఆగుతుంది. కానీ అది చూసుకునేది ఆ వేడి ఒక్కటే. నూనెలో పడే తడి సంగతి, కాలికి తగిలే వైరు సంగతి, స్విచ్ ఆపేశాక మిగిలే సెగ సంగతి నువ్వే చూసుకోవాలి.

అన్నిటికన్నా ముందు తడి. వేయించే నూనె 170, 180 డిగ్రీల దగ్గర ఉంటుంది, నీళ్ళు 100 దగ్గరే ఆవిరైపోతాయి. నీళ్ళు నూనెకన్నా బరువు కాబట్టి చుక్క కిందికి దిగి అక్కడ ఆవిరవుతుంది. ఆవిరయ్యాక అది పట్టే చోటు సుమారు 1,700 రెట్లు పెరుగుతుంది. ఆ తోపుడికి పైనున్న నూనె ఎగిరి మీద పడుతుంది. అందుకే కడిగిన ముక్కల్ని గుడ్డ మీద ఆరబెట్టి, చేత్తో పట్టుకు చూసి మరీ వెయ్యి. ఫ్రీజర్‌లోంచి తీసిన ముక్కలకు మంచు పలుకులు అంటుకుని ఉంటాయి, వాటిని దులిపెయ్యి. ఆ దులపడం ఫ్రయ్యర్ మీద కాదు, సింకు దగ్గర. బుట్ట సగానికి మించి నింపకు. ఒక్కసారిగా ముంచకుండా కొద్దికొద్దిగా దించు. నురుగు పైకి పొంగితే బుట్ట ఎత్తి పట్టుకో, సద్దుమణిగాక మళ్ళీ దించు. మూత వేసి వేయించే మోడల్ అయితే ఆ మూత లోపల ఆవిరి నీరు పడుతుంది. తీసేటప్పుడు ఆ చుక్కలు నూనెలో కారకుండా పక్కకు తియ్యి, ముఖం దూరంగా పెట్టుకో.

గిన్నె లోపల రెండు గీతలుంటాయి. నూనె కింది గీతకన్నా తగ్గితే హీటింగ్ కాయిల్ బయటపడి మరీ వేడెక్కిపోతుంది, పై గీత దాటితే ముక్కలు వేయగానే పొంగిపొర్లుతుంది. వేడెక్కిన నూనె వ్యాకోచిస్తుందని కూడా గుర్తుపెట్టుకో. ముందు నూనె పొయ్యి, తర్వాతే ప్లగ్ పెట్టు. ‘పనిచేస్తుందో లేదో చూద్దాం’ అని ఖాళీగా ఆన్ చెయ్యకు.

కరెంటు విషయం. 230 వోల్టుల దగ్గర 2,000 వాట్ల ఫ్రయ్యర్ 9 ఆంపియర్ల దాకా లాగుతుంది. సన్నని ఎక్స్‌టెన్షన్ వైరుకు అది మోయలేని బరువు, నేరుగా గోడకున్న పవర్ సాకెట్‌లోనే పెట్టు. ఎక్కువ ప్రమాదాలకు కారణం వైరు వేలాడటమేనని నా నమ్మకం. గట్టు అంచున వేలాడే వైరుకు పిల్లాడి చెయ్యో నీ కొంగో తగిలితే గిన్నె మొత్తం మీదికొస్తుంది. కొన్నింటికి అయస్కాంతంతో అంటుకునే ప్లగ్ ఉంటుంది, లాగితే ఊడొస్తుంది. అది లేకపోతే ఫ్రయ్యర్‌ని గోడ వైపుకు జరిపి, వైరుని వెనకే ఉంచు. చోటు చాలదని గ్యాస్ స్టవ్ మీద మాత్రం పెట్టకు.

వేడి 175 దాకా పెడితే చాలావాటికి సరిపోతుంది. బంగాళాదుంప ముక్కలు బంగారు రంగుకు రాగానే తీసెయ్యి. నల్లబడేకొద్దీ అక్రిలమైడ్ అనే మంచిది కాని పదార్థం పెరుగుతుంది.

మెషిన్ ఉన్నట్టుండి ఆగిపోతే మరీ వేడెక్కి కట్ అయిందేమో చూడు. ప్లగ్ తీసి, చల్లారాక నూనె మట్టం చూసి, రీసెట్ బటన్ ఉంటే నొక్కు. మళ్ళీ మళ్ళీ అలాగే అవుతుంటే రిపేరుకు ఇవ్వాల్సిందే.

మంట వస్తే నీళ్ళు పొయ్యకు. పోస్తే మండే నూనె గదంతా చిమ్ముతుంది. చెయ్యి అందితే ప్లగ్ తియ్యి, మూతో లోహపు పళ్ళెమో పక్కనుంచి జరిపి కప్పు, చల్లారేదాకా తెరవకు. ఆ గిన్నెను బయటికి మోసుకెళ్ళే సాహసం వద్దు. మంట ఆగకపోతే అందర్నీ తీసుకుని బయటికి వెళ్ళి ఫైర్ వాళ్ళకు ఫోన్ చెయ్యి.

వంటయ్యాక చాలామంది తొందరపడతారు. రెండు మూడు లీటర్ల నూనె చల్లారడానికి గంటలు పడుతుంది, పైకి నిశ్చలంగా కనిపించినా లోపల సెగ ఉంటుంది. రాత్రి వేయించావనుకో, పొద్దున వడకట్టు, ఈలోగా దాన్ని కదపకు. ముదురు రంగు, జిగట, నురుగు, మామూలు వేడికే పొగ కనిపిస్తే ఆ నూనె పని అయిపోయినట్టే. కొత్త నూనె కలిపినంత మాత్రాన అది బాగుపడదు. సింకులో పోస్తే పైపు మూసుకుపోతుంది, సీసాలో పోసి మూతబెట్టి పారెయ్యి. కాయిల్, స్విచ్‌లు ఉన్న భాగాన్ని నీళ్ళలో ముంచకు, తడిగుడ్డతో తుడిస్తే చాలు. కడిగిన గిన్నె పూర్తిగా ఆరాకే మళ్ళీ నూనె పొయ్యి.

ఎంత జాగ్రత్తపడ్డా చిన్న చురక తగలొచ్చు. వెంటనే కుళాయి కింద 20 నిమిషాలు చల్లటి నీళ్ళు పారించు. ఐసు, టూత్‌పేస్టు, వెన్న రాయకు. ఉంగరం, గాజులు వాపు రాకముందే తియ్యి. బట్ట చర్మానికి అతుక్కుంటే లాగకు. కాలినచోటు అరచేయి అంత ఉన్నా, ముఖం మీదో కంటి దగ్గరో పడినా సరే, నాకు ఫోన్ చేసే ముందు ఆసుపత్రికి వెళ్ళు.

ఇట్లు,
మీ పెద్దమ్మ